తీరప్రాంతంలో ఎలుకల పరీక్షా షెడ్ల గాలి ప్రసరణ, ఉష్ణ నియంత్రణ: జువ్వలదిన్నె పరిసరాల ఆధారంగా ఒక పరిశీలన

సారాంశం

ఎలుకల ఎరలను పరీక్షించడానికి పొలం ఎలుకలను కొన్ని వారాలపాటు షెడ్డులో ఉంచవలసి వస్తుంది. నెల్లూరు తీరంలో వేసవి వేడి, సముద్రపు తేమ ఒకే రోజున ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కావున మెట్ట ప్రాంతాలకు చెప్పిన శీతలీకరణ పద్ధతులు ఇక్కడ రోజంతా పనిచేయవు. ఎలుక శరీరం వేడిని వదిలే తీరు, షెడ్డులోనికి వేడి వచ్చే మార్గాలు, గాలి దిశ మారే వేళలు అనే మూడింటిని కలిపి ఈ వ్యాసం చర్చిస్తుంది. కప్పు నుంచి దిగే వేడిని ఆపనిదే గంటకు 10 నుంచి 15 సార్లు గాలి మార్చాలన్న సాధారణ ప్రమాణం చాలదని లెక్కతో చూపుతుంది. షెడ్డు వేడి ఎర పరీక్ష ఫలితాలను ఏ విధంగా తప్పుదోవ పట్టిస్తుందో వివరిస్తుంది.

ముఖ్య పదాలు: పొలం ఎలుకలు, పరీక్షా షెడ్డు, గాలి ప్రసరణ, సముద్రపు గాలి, తడి ఉష్ణోగ్రత, ఎర పరీక్ష

1. పరిచయం

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నె నేడు చేపల రేవుగా అందరికీ తెలిసిన ఊరు. బకింగ్‌హాం కాలువ సాగే ఈ తీరపట్టీలో ఇసుక నేలలు, వరి మడులు, రొయ్యల చెరువులు, సరుగుడు తోపులు పక్కపక్కనే కనిపిస్తాయి. ఎలుకకు ఇంతకంటె అనుకూలమైన చోటు అరుదు. వరిలో దుబ్బులు కొరుకుతుంది, గట్లకు కన్నాలు పెడుతుంది, చెరువు కట్టలను డొల్ల చేస్తుంది, వల దాచిన పాకలో వలను కొరుకుతుంది. ఇంగ్లీషు వారు వాడే ‘బాండికూట్’ అనే మాట మన ‘పందికొక్కు’ నుంచే పుట్టిందంటే ఈ జీవికి తెలుగు నేలతో ఉన్న సంబంధం ఎంత పాతదో ఊహించవచ్చు.

ఎలుకల నివారణ పరిశోధనలో ఆంధ్రప్రదేశ్‌కు మంచి చరిత్ర ఉన్నది. అఖిల భారత స్థాయి ఎలుకల నివారణ పథకంలో పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు వ్యవసాయ పరిశోధనా స్థానం ఒక కేంద్రంగా పనిచేసింది. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో ఈ విషయంపై శిక్షణ ఇస్తున్నారు. రైతుకు సిఫార్సు చేసే ప్రతి ఎరను ముందుగా బంధించిన ఎలుకలపై పరీక్షించవలసి ఉంటుంది. అందుకు ఏసీ గదులు అన్ని చోట్లా ఉండవు. పొలానికి దగ్గరలో వేసిన తాత్కాలిక షెడ్డులోనే పని జరిగే సందర్భాలు ఎక్కువ. ఈ వ్యాసం అటువంటి షెడ్లను గురించినది.

నేను సస్యశాస్త్ర అధ్యాపకుడను. జంతుశాలల నిర్మాణం నా విషయం కాదు. ఒక వైఫల్యం నన్ను దీనివైపు నడిపించింది. చాలా సంవత్సరాల క్రితం ఈ తీరంలోనే ఒక ఎర పరీక్షలో పాల్గొన్నాను. రేకుల షెడ్డు. మే నెల. వేడి తగ్గించాలని కిటికీలు మూసి లోపల ఒక కూలర్ పెట్టాము. రెండవ వారంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మేము భోజనం ముగించుకొని వచ్చేసరికి బోనులలో చాలా ఎలుకలు చనిపోయి ఉన్నాయి. విషం తిన్నవే కాదు, విషం పెట్టని పోలిక వర్గంలోనివి కూడా. ఎలుకలను పట్టి తెచ్చిన యానాది పెద్దాయన బోనులను ఒకసారి, కప్పును ఒకసారి చూసి, “అయ్యా, కన్నంలో బతికేదాన్ని తెచ్చి పెనం కింద పెడితిరే” అన్నాడు. ఆ మాటలో ఉన్న శాస్త్రాన్ని విడమరచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఎలుక శరీరం వేడిని వదిలే తీరు

మనిషి చెమట పట్టి చల్లబడతాడు. కుక్క రొప్పి చల్లబడుతుంది. ఎలుకకు ఈ రెండు మార్గాలూ దాదాపు లేవు. దాని స్వేద గ్రంథులు పాదాలకే పరిమితం. రొప్పడం ద్వారా అది వదలగలిగే వేడి స్వల్పం. దానికి ఉన్న ముఖ్య సాధనాలు మూడు. మొదటిది తోక. వెంట్రుకలు లేని తోకలోని రక్తనాళాలు వెడల్పయి, శరీరపు వేడిని బయటి గాలికి చేరవేస్తాయి. రెండవది ఉమ్మి. వేడి ముదిరినప్పుడు ఎలుక తన ఉమ్మిని బొచ్చుకు, పొట్టకు పూసుకుంటుంది. అది ఆరుతూ శరీరాన్ని చల్లబరుస్తుంది. మూడవది ప్రవర్తన. కదలిక తగ్గించి, ఒళ్లు చాచి చల్లని నేలకు పొట్ట ఆనించి పడుకుంటుంది, తిండి తగ్గిస్తుంది.

ఈ మూడింటికీ హద్దులున్నాయి. గాలి ఉష్ణోగ్రత తోక ఉష్ణోగ్రతకు సమీపించిన కొద్దీ తోక ద్వారా వేడి పోవడం ఆగిపోతుంది. గాలిలో తేమ పెరిగిన కొద్దీ ఉమ్మి ఆరడం తగ్గుతుంది; నీరు అందకపోతే ఉమ్మే ఊరదు. తీగ బోనులో చల్లని నేల దొరకదు. ప్రయోగశాల ఎలుకకు శ్రమ లేకుండా శరీర ఉష్ణోగ్రత నిలిచే మండలం సుమారు 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్. 32 దాటితే శ్రమ మొదలవుతుంది; 36, 37 డిగ్రీలలో గంటల తరబడి ఉంచితే ప్రాణాపాయం. గినీపందులు ఎలుకల కంటె సుకుమారమైనవి. వాటికి 30 డిగ్రీల పైన ఉన్న ప్రతి గంటా ప్రమాదకరమే.

మన దేశంలో ప్రయోగ జంతువుల వసతికి సంబంధించిన నిబంధనలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, దాని కింద 1998లో వచ్చిన నియమాలపై ఆధారపడినవి. వాటిని అమలుపరచే జాతీయ కమిటీ మార్గదర్శకాలు గది ఉష్ణోగ్రత 18 నుంచి 29 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 30 నుంచి 70 శాతం మధ్య ఉండాలని చెబుతాయి. గంటకు 10 నుంచి 15 సార్లు గది గాలి మారాలన్నది అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న ప్రమాణం. ఈ అంకెలను కంఠస్థం చేయడం సులభం. తీరంలోని రేకుల షెడ్డులో వీటిని సాధించడం ఎట్లా అన్నదే అసలు ప్రశ్న.

3. కన్నం నేర్పే పాఠం

మన పొలాలలో ఎక్కువ నష్టం చేసే బాండికోటా బెంగాలెన్సిస్ అనే చిన్న పందికొక్కు పగలంతా కన్నంలో గడిపి రాత్రి మేతకు బయలుదేరుతుంది. తాను లోపల ఉన్నప్పుడు కన్నం మూతిని వదులు మట్టితో మూసుకుంటుంది. మండుటెండలో గట్టు పైమట్టి కాలు పెట్టలేనంతగా కాలుతున్నా, 60 సెంటీమీటర్ల లోతున పగటికి రాత్రికి ఉష్ణోగ్రతలో తేడా దాదాపు ఉండదు. నేల పొరలు పగటి వేడిని పైనే పట్టి ఉంచి, రాత్రి తిరిగి ఆకాశానికి వదిలేస్తాయి.

కన్నంలో గాలి ప్రసరణ గొప్పగా ఏమీ లేదు. మూతి మూసిన సొరంగం అది. ఎలుకను వేసవిలో కాపాడుతున్నది గాలి కంటె ముందుగా నీడ, అనగా ఎండ వేడి లోపలికి దిగనీయని మట్టి కప్పు. షెడ్డు కట్టేవారు సాధారణంగా ఫ్యాన్లతో మొదలుపెట్టి కప్పును చివరికి ఆలోచిస్తారు. కన్నం చెప్పే క్రమం దీనికి తలకిందులు.

4. జువ్వలదిన్నె గాలి గడియారం

ఏప్రిల్, మే నెలలలో ఈ తీరపు రోజు మూడు భాగాలుగా నడుస్తుంది. తెల్లవారినప్పటి నుంచి ఎండ ముదిరేవరకు నేలమీది పడమటి గాలి. ఇది పొడిది, ప్రొద్దు ఎక్కినకొద్దీ వడగాలిగా మారుతుంది. తరువాత గాలి మారే మధ్య వేళ, ఆకు కదలదు. ఆ పిమ్మట తూర్పు, ఆగ్నేయ దిశల నుంచి సముద్రపు గాలి. ఇది కొన్ని డిగ్రీలు చల్లనిది, కాని తేమతో బరువైనది. రాత్రి కనిష్ఠం కూడా తరచుగా 27, 28 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. కావున రాత్రి చల్లగాలిని గోడలలో, నేలలో నిలువచేసి పగలు వాడుకునే పద్ధతి రాయలసీమలో ఇచ్చినంత ఫలితం ఇక్కడ ఇవ్వదు.

సముద్రపు గాలి రోజూ ఒకే వేళకు రాదు. రోహిణి కార్తెలో, జూన్ ఆరంభంలో పడమటి గాలి బలంగా ఉన్న రోజున అది సాయంత్రం దాకా తీరం దాటి లోపలికి రాలేదు; కొన్ని రోజులు అసలే రాదు. నెల్లూరు తీరంలో ఉష్ణోగ్రత 40 దాటే రోజులు ఎక్కువగా ఇవే. షెడ్డుకు అసలు పరీక్ష ఈ రోజులలో, అందులోనూ గాలి స్తంభించిన ఆ మధ్య వేళలో. మా ఎలుకలు చనిపోయినది అటువంటి వేళలోనే.

5. వేడి ఎక్కడి నుంచి వస్తున్నది: ఒక లెక్క

ఆరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున మూడు మీటర్ల ఎత్తు ఉన్న షెడ్డును తీసుకుందాం. దాని ఘనపరిమాణం 72 ఘనపు మీటర్లు. అందులో ఒక్కొక్కటి 200 గ్రాముల బరువున్న 100 ఎలుకలు ఉన్నాయనుకుందాం.

మొదట ఎలుకల వేడి. సాధారణంగా కదిలే చిన్న క్షీరదం వెలువరించే వేడిని, దాని బరువును కిలోలలో తీసుకొని 0.75 ఘాతానికి లెక్కించి 8.75తో గుణించి అంచనా వేస్తారు. 200 గ్రాముల ఎలుకకు ఇది సుమారు 2.6 వాట్లు. 100 ఎలుకలకు 260 వాట్లు. అంటే నాలుగైదు పాతకాలపు బల్బుల వేడి.

తరువాత కప్పు వేడి. కప్పు వైశాల్యం 24 చదరపు మీటర్లు. మధ్యాహ్నం ఎండకు మాసిన సిమెంటు రేకు 60 డిగ్రీలకు చేరిందని, దాని కింద ఉన్న బోనులు, నేల 35 డిగ్రీలలో ఉన్నాయని అనుకుందాం. వికిరణ సూత్రం ప్రకారం రేకు నుంచి ప్రతి చదరపు మీటరుకు సుమారు 168 వాట్ల వేడి కిందికి దిగుతుంది. మొత్తం సుమారు 4 కిలోవాట్లు. అంటే కప్పు ఇస్తున్న వేడి ఎలుకలన్నీ కలిసి ఇస్తున్న వేడికి 15 రెట్లు.

ఈ రెండు వేడులనూ బయటికి పంపుతూ, లోపలి గాలి బయటికంటె 3 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉంచాలంటే ఎంత గాలి కావాలి? ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడిచేయడానికి సుమారు 1.15 కిలోజౌళ్లు పడుతుంది. ఆ లెక్కన రేకుల షెడ్డుకు గంటకు దాదాపు 4,500 ఘనపు మీటర్ల గాలి, అనగా గంటకు 60కి పైగా గాలి మార్పులు అవసరమవుతాయి. పుస్తకంలోని 10, 15 ఇందులో నాలుగవ వంతు కూడా కాదు.

ఇప్పుడు అదే రేకుపై మందంగా తాటాకు కప్పి, కప్పు అడుగు ఉష్ణోగ్రతను 38 డిగ్రీలకు దించగలిగామనుకుందాం. కిందికి దిగే వేడి 4 కిలోవాట్ల నుంచి అర కిలోవాటు లోపుకు పడిపోతుంది. ఎలుకల వేడిని కలిపినా మొత్తం 700 వాట్లు. దీనికి గంటకు 730 ఘనపు మీటర్ల గాలి, అనగా 10 మార్పులు చాలు.

విద్యార్థులు ఈ లెక్క నుంచి గ్రహించవలసినది ఇది: 10 నుంచి 15 అనే ప్రమాణం మంచి కప్పు ఉన్న గదికి ఏర్పడినది. కప్పు సరిగా లేని చోట ఆ అంకెను పాటించినా ఎలుకలు కాలుతూనే ఉంటాయి. అంతేకాదు, రేకు నుంచి దిగే వికిరణం గాలితో నిమిత్తం లేకుండా నేరుగా పై వరుస బోనులకు తగులుతుంది. గోడకు తగిలించిన ఉష్ణమాపకం 35 చూపుతుండగా పై వరుసలోని ఎలుక అనుభవించే వేడి అంతకంటె చాలా ఎక్కువగా ఉండవచ్చు.

6. షెడ్డు కట్టుబడి

స్థలం: మెరకను ‘దిన్నె’ అంటాము. ఊరి పేరులోనే ఉన్న ఆ సలహాను షెడ్డు కట్టేవారు పాటించాలి. మెరక మీద గాలి బాగా ఆడుతుంది. కార్తీక మాసపు వానలకు నీరు నిలువదు. సరుగుడు తోపునకు తూర్పున, తోపు నీడ పడమటి గోడపై పడేటంత దూరంలో షెడ్డు ఉంటే సాయంకాలపు ఎండ తప్పుతుంది. తూర్పువైపు మాత్రం ఖాళీగా వదలాలి.

దిశ: ఎండను తప్పించడానికి షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలని పశువుల, కోళ్ల షెడ్ల విషయంలో చెబుతాము. ఇక్కడ ఒక చిక్కున్నది. ఆగ్నేయపు సముద్రపు గాలి అటువంటి షెడ్డు దక్షిణపు గోడను ఏటవాలుగా తాకుతుంది. గాలి కిటికీకి ఎదురుగా వస్తే దాని వేగంలో 50 నుంచి 60 శాతం, ఏటవాలుగా వస్తే 25 నుంచి 35 శాతం మాత్రమే ప్రసరణకు ఉపయోగపడుతుందని అంచనా. కావున షెడ్డు పొడవును తూర్పు ఈశాన్యం నుంచి పడమర నైరుతికి, అనగా 20 డిగ్రీల మేరకు తిప్పి కట్టడం మంచిది. ఎండ రక్షణ పెద్దగా చెడదు, గాలి మరింత ఎదురుగా వస్తుంది. ఇదివరకే కట్టిన షెడ్డయితే కిటికీల పడమటి అంచున నిలువుగా తాటాకు తడికలు బిగించి గాలిని లోపలికి మళ్లించవచ్చు.

కిటికీలు: ఒక చదరపు మీటరు తెరుపు ఉండి, సెకనుకు ఒక మీటరు వేగంతో గాలి ఏటవాలుగా వచ్చినా గంటకు సుమారు 1,080 ఘనపు మీటర్లు లోపలికి వస్తాయి, మన షెడ్డుకు అది 15 మార్పులు. ఎదురుగా వస్తే 25 పైన. గాలి వచ్చే తెరుపులు బోనుల ఎత్తులో ఉండాలి. ఎదుటి గోడలో అంతకు తగ్గని తెరుపులు ఉండాలి. బయటికి దారి లేని గాలి లోపలికి రాదు.

వెన్నుగాడి సందు: గాలి స్తంభించిన వేళలో పనిచేసేది ఇదొక్కటే. కప్పు నడినెత్తిన వెన్నుగాడి పొడవునా 10 సెంటీమీటర్ల సందు వదిలి, దానిపై చిన్న గొడుగు కప్పు వేయాలి. వలకు పోగా అర చదరపు మీటరు తెరుపు మిగిలిందనుకుందాం. కింది కిటికీలకు, ఈ సందుకు మధ్య రెండు మీటర్ల ఎత్తు ఉండి, లోపలి గాలి 3 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే, వేడి గాలి తనంతట తానే లేచి గంటకు సుమారు 720 ఘనపు మీటర్లు బయటికి పోతుంది. అంటే 10 మార్పులు. మంచి కప్పు ఉన్న షెడ్డుకు కావలసినది సరిగ్గా అంతే. కరెంటు లేకున్నా, ఆకు కదలకున్నా ఎలుకలు బతుకుతాయి.

కప్పు: రేకుపై తాటాకు, రేకుకు తాటాకుకు మధ్య జానెడు సందు ఉంటే మేలు. తాటాకు దొరకని చోట రేకు పైభాగానికి ఏటా వేసవికి ముందు తెల్లసున్నం పూయాలి. అది తాటాకుకు సాటి రాదు గాని ఏమీ లేనిదానికంటె ఎంతో నయం. చూరు గోడ దాటి ఒక మీటరు ముందుకు రావాలి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుపాను ఈ ప్రాంతానికి నేర్పిన పాఠం మరువరాదు: తాటాకునూ గొడుగు కప్పునూ తాళ్లతో, కమ్మీలతో గోడలకు బిగించాలి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వెన్నుగాడి సందును మూయడానికి తగిన మూత సిద్ధంగా ఉండాలి.

వల: తెరుపులన్నిటికీ ఆరు మిల్లీమీటర్లకు మించని కన్నాల ఇనుప వల తప్పనిసరి. లోపలివి పారిపోకుండా, బయటివి రాకుండా ఇది కాపాడుతుంది. అయితే ఉప్పుగాలికి మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది; బూజు, దుమ్ము పట్టిన వల గాలిని సగానికి సగం ఆపేస్తుంది. వారానికి ఒకసారి కుంచెతో దులపడం చిన్న పనిగా కనిపిస్తుంది గాని, ఫ్యాను కొనడంకంటె అదే ఎక్కువ ఉపయోగం.

బోనులు: బోనుల వరుసలను గాలి దిశకు అడ్డంగా పెట్టరాదు. గోడకు, వరుసకు మధ్య మనిషి నడిచే దారి ఉండాలి. ప్రతి బోనులో అడ్డంగా పడుకోబెట్టిన ఒక మట్టి ముంత ఉంచితే ఎలుక దానిని కన్నంగా స్వీకరిస్తుంది. మట్టి చల్లదనం దాని పొట్టకు తగులుతుంది, వికిరణం నుంచి మరుగూ దొరుకుతుంది. నీటి సీసాలు రెండేసి ఉండాలి. ఎండ తగిలే వైపు ఉండరాదు.

7. తడిపి చల్లబరచడం: వేళ తెలిసి చేయాలి

ఆరే నీరు వేడిని లాగుకుంటుంది. ఒక లీటరు నీరు ఆరితే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. కాని నీరు ఎంత ఆరగలదన్నది గాలి తేమను బట్టి ఉంటుంది. దానిని కొలిచే సాధనం పొడి, తడి ఉష్ణమాపకాల జంట.

పడమటి గాలి వేళలో 40 డిగ్రీలు, తేమ 30 శాతం ఉన్నదనుకుందాం. తడి ఉష్ణమాపకం సుమారు 26 చూపుతుంది. తేడా 14 డిగ్రీలు. తడిక ద్వారా ఆ తేడాలో 70 శాతం సాధించగలిగితే లోపలికి వచ్చే గాలి 30 డిగ్రీలకు దిగుతుంది. ఇది ప్రాణరక్షణే. సముద్రపు గాలి వేళలో 34 డిగ్రీలు, తేమ 70 శాతం. తడి ఉష్ణమాపకం 29 దాటి ఉంటుంది. తేడా ఐదు డిగ్రీల లోపే. అదే తడిక ఇప్పుడు మూడు డిగ్రీలు మాత్రమే తగ్గిస్తుంది. తేమను మాత్రం 90 శాతం దగ్గరకు చేరుస్తుంది. ఆ కొద్ది లాభానికి తడిసిన పరుపు, బూజు పట్టిన ఎర, ఘాటెక్కిన అమోనియా మూల్యంగా చెల్లించవలసి వస్తుంది.

కావున నా సూచన ఇది. పొడి, తడి ఉష్ణమాపకాల తేడా 8 డిగ్రీలు లేదా అంతకు మించి ఉన్నప్పుడు పడమటి కిటికీలకు వట్టివేళ్ల తడికలు దించి తడపాలి. తేడా 5 డిగ్రీలకు దిగగానే తడపడం ఆపి, తడికలు ఎత్తివేసి, తూర్పు కిటికీలన్నీ తెరవాలి. 5కు 8కి మధ్య ఉంటే బోనులలో పరుపు పొడిగా ఉందో లేదో చూసి నిర్ణయించుకోవాలి. ఉప్పునీరు వాడితే తడిక వేళ్ల మధ్య ఉప్పు పేరుకొని గాలి ఆగిపోతుంది, మంచినీరే వాడాలి.

రెండు హెచ్చరికలు. మూసిన గదిలో కూలర్ నడపరాదు. బయటికి దారి లేకపోతే ఆ గది గాలే మళ్లీ మళ్లీ తడిసి, తేమ నిండి, చల్లదనం ఆగిపోతుంది. మేము చేసిన తప్పు ఇదే. రెండవది, గాలి ఉష్ణోగ్రత 38 దాటినప్పుడు తడి లేని వట్టి ఫ్యాను ఎలుకను చల్లబరచదు. శరీరం కంటె వేడిగా ఉన్న గాలిని దాని మీదికి తోస్తుంది.

8. అమోనియా, పనివారి ఆరోగ్యం

ఎలుకల మూత్రంలోని యూరియా సూక్ష్మజీవుల వల్ల అమోనియాగా మారుతుంది. తేమ, వేడి ఈ మార్పును త్వరపరుస్తాయి. అమోనియా ఎలుకల శ్వాసనాళాల లోపొరను దెబ్బతీసి మైకోప్లాస్మా వంటి ఊపిరితిత్తుల వ్యాధులను ముదరపెడుతుంది. మనుషులకు వాడే 25 పీపీఎం హద్దును జంతుశాలలకు కూడా మార్గదర్శకంగా తీసుకుంటారు. పరికరం లేకపోతే ఒక మొరటు పరీక్ష: ఉదయం తలుపు తీయగానే కళ్లు మండితే గాలి మార్పు గాని, పరుపు మార్పు గాని చాలలేదన్న మాట. వానాకాలపు చలిగాలికి భయపడి అన్ని తెరుపులూ మూసినప్పుడే ఈ స్థితి ఎక్కువగా వస్తుంది. 20 డిగ్రీల చలిని ఎలుక గూడు సామగ్రి ఉంటే తట్టుకుంటుంది. ఊపిరాడని గాలిని తట్టుకోలేదు.

పొలం ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ మనుషులకు సోకుతుంది. కావున గాలి శుభ్రమైన వైపు నుంచి, అనగా మేత, ఎర కలిపే గది నుంచి బోనుల మీదుగా బయటికి పోవాలి. ఎదురు దిశలో రారాదు. చేతి తొడుగులు, బూట్లు లేకుండా బోనులు కడగనీయరాదు.

9. వేడి షెడ్డు, తప్పు సిఫార్సు

ఇంత శ్రద్ధ ఎందుకని కొందరు విద్యార్థులు అడుగుతారు; ఎలాగూ చంపబోయే ఎలుకలే కదా అంటారు. జీవి పట్ల కనికరం అనే సమాధానం ఒక్కటే చాలాలి. చట్టం కోరేదీ అదే. అయినా శాస్త్రపరంగా కూడా బలమైన సమాధానం ఉన్నది.

బ్రోమాడియోలోన్ ఎరను ఉదాహరణగా తీసుకుందాం. 0.25 శాతం మందు రెండు పాళ్లు, నూనె రెండు పాళ్లు, నూకలు 96 పాళ్లు కలిపితే 0.005 శాతం ఎర తయారవుతుంది. ఇది రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజుల తరువాత చంపే మందు. ఎలుక ఎంత ఎర తిన్నది, ఎన్ని రోజులలో చనిపోయింది అన్నవే మనం కొలిచే విషయాలు. వేడి షెడ్డులో ఎలుక తిండి తగ్గిస్తుంది. అప్పుడు మంచి ఎర కూడా ‘ఎలుకలు ఇష్టపడనిది’గా నమోదవుతుంది. మరోవైపు మందు పనిచేయవలసిన ఆ రోజులలోనే వేడికి చనిపోయినవి మందు ఖాతాలో చేరతాయి. అప్పుడు బలహీనమైన ఎర కూడా ‘సమర్థమైనది’గా నమోదవుతుంది. ఒకే షెడ్డు రెండు వైపులా అబద్ధం చెప్పగలదు.

పోలిక వర్గంలోని మరణాలను బట్టి సవరించవచ్చు కదా అనవచ్చు. 1925లో ఆబట్ ఇచ్చిన సూత్రం అందుకే ఉన్నది. విషం పెట్టినవాటిలో 80 శాతం, పెట్టనివాటిలో 20 శాతం చనిపోతే, 80లో 20 తీసివేసి, మిగిలిన 60ని 100లో 20 పోగా మిగిలిన 80తో భాగిస్తే సవరించిన మరణాలు 75 శాతం. కాని ఈ సూత్రం వేడి, విషం ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేస్తాయని అనుకుంటుంది. వేడికి నీరసించి, నీరు కోల్పోయిన ఎలుకపై విషం ప్రభావం మామూలు ఎలుకపై ఉన్నట్లే ఉండదు. అక్కడ సూత్రం సరిదిద్దలేదు. చనిపోయిన ప్రతి ఎలుకనూ కోసి లోపల రక్తస్రావం ఉన్నదో లేదో చూడటం, పోలిక వర్గంలో మరణాలు మితిమీరితే పరీక్షను రద్దుచేయడం ఒక్కటే నిజాయితీ గల మార్గం. మా పరీక్షను అట్లాగే రద్దుచేశాము. ఆ సంవత్సరపు శ్రమ పోయింది. కాని ఒక తప్పు సిఫార్సు రైతు దగ్గరకు వెళ్లలేదు.

10. షెడ్డు దినచర్య

ఉష్ణమాపకాల జంటను గోడకు కాక, పై వరుస బోనుల ఎత్తున, నీడలో వేలాడదీయాలి. ఉదయం 6, 10, మధ్యాహ్నం 1, 3, సాయంత్రం 6 గంటలకు పొడి, తడి అంకెలను, గాలి దిశను రాయాలి. దిశ తెలియడానికి కొయ్యకు కట్టిన గుడ్డపేలిక చాలు. ప్రతి ఎలుక తిన్న మేత, తాగిన నీటి అంకెల పక్కనే ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత ఉండాలి. బోనుల వద్ద 32 దాటితే బోనులు తెరచి తూకాలు వేయడం వంటి పనులు ఆపాలి. 35 దాటితే ఆ రోజు మేత అంకెలను విశ్లేషణలో విడిగా గుర్తించాలి. ఎలుకలు ఉమ్మి పూసుకొని పొట్ట తడిగా కనిపించడం, ఒళ్లు చాచి కదలక పడుకోవడం అపాయ సూచనలు. అప్పుడు అంకెల కోసం ఎదురుచూడక నేలను తడిపి, బోనులను కింది వరుసకు దించి, గాలి ఆడేటట్లు చేయాలి. వీలైనంతవరకు ఎర పరీక్షలను జులై నుంచి ఫిబ్రవరి మధ్యకు మార్చుకోవడం అన్నిటికంటె చౌకైన ఉష్ణ నియంత్రణ.

11. ముగింపు

తీరంలో ఎలుకల షెడ్డును చల్లగా ఉంచే పనికి ఒక క్రమం ఉన్నది. ముందుగా కప్పు, తరువాత వెన్నుగాడి సందు, ఆ తరువాత కిటికీలు, చివరగా వేళ తెలిసి తడపడం. ఫ్యానులు, కూలర్లు ఈ నాలుగింటికీ తోడుగా రావాలే గాని బదులుగా కాదు. కొత్తగా షెడ్డు వేయబోయే విస్తరణ శాస్త్రవేత్త ఒక వేసవి రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆ స్థలంలో నిలిచి గాలి ఎప్పుడు ఏ వైపునుంచి వస్తున్నదో రాసుకున్న తరువాతనే మేస్త్రీని పిలవాలి. ఎలుకలు పట్టే యానాది కుటుంబాలను కూడా ఒక మాట అడగాలి. ఎలుక ఏ గట్టులో, ఏ వైపున, ఎంత లోతున కన్నం పెట్టుకుంటుందో వారికి తెలిసినంతగా మన పుస్తకాలకు తెలియదు.